కోడ్ నుంచి పుట్టే టేబుల్: ఒక విమర్శనాత్మక పరిశీలన

గత యూనిట్‌లో క్రియేట్ టేబుల్ స్టేట్‌మెంట్‌ను చేత్తో రాయడం నేర్చుకున్నారు. నేడు అనేక ప్రాజెక్టులలో దానిని ఎవరూ రాయడం లేదు. పైథాన్‌లోనో జావాలోనో ఒక క్లాసు రాసి, ఫీల్డుల పేర్లు, రకాలు చెబితే, ఎస్‌క్యూఎల్ నిర్వచనాన్ని సాధనమే తయారుచేస్తుంది. జావాలో హైబర్నేట్, పైథాన్‌లో జాంగో, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ ఇటువంటివే. ఒకే విషయాన్ని రెండుచోట్ల రాసే శ్రమ తప్పుతుంది కాబట్టి వీటికి ఆదరణ రావడం సహజం. అయితే వీటితో ఎస్‌క్యూఎల్ తెలియకపోయినా ఫరవాలేదు అనే మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో మనకు బాగా తెలిసిన పహాణీతో పరీక్షిద్దాం.

సూర్యాపేట జిల్లా మోతె మండలంలోని ఒక గ్రామ పహాణీకి టేబుల్ తయారుచేయాలి అనుకోండి. మొదటిసారి రాసే క్లాసు సాధారణంగా ఇలా ఉంటుంది: సర్వే నంబరు పూర్ణాంకం, విస్తీర్ణం ఫ్లోట్, పట్టాదారు పేరు స్ట్రింగ్, జిల్లాకు డిఫాల్టు విలువ ‘సూర్యాపేట’. ప్రోగ్రాం ఏ తప్పూ చూపదు. టేబుల్ తయారవుతుంది.

ఇప్పుడు విస్తీర్ణం చూడండి. 2 ఎకరాల 38 గుంటలను మనవాళ్లు 2.38 అని, 1 ఎకరం 5 గుంటలను 1.05 అని రాస్తారు. ఫ్లోట్ కాలమ్‌లో ఈ రెండింటినీ కూడితే 3.43 వస్తుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అసలు జవాబు 4 ఎకరాల 3 గుంటలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదని రైతుకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. మొత్తం విస్తీర్ణాన్ని గుంటలలోకి మార్చి పూర్ణాంకంగా దాచడం ఒక పద్ధతి: 118, 45 కలిపి 163. లేదా ఎకరాలు, గుంటలు వేర్వేరు కాలమ్‌లుగా పెట్టి, గుంటలు 0 నుంచి 39 వరకే ఉండాలని నియమం పెట్టాలి.

ఆ నియమం ఎక్కడ రాశారన్నది అసలు ప్రశ్న. పైథాన్ ఫంక్షన్‌లో తనిఖీగా రాస్తే, తయారైన క్రియేట్ టేబుల్‌లో దాని జాడే ఉండదు. మీ ప్రోగ్రాం ద్వారా వచ్చిన వరుసలకే అది వర్తిస్తుంది. ఎవరైనా ఎక్సెల్ ఫైలు నుంచి నేరుగా డేటా ఎక్కిస్తే 45 గుంటలు కూడా నిరాటంకంగా లోపలికి వెళతాయి. కాబట్టి దానిని చెక్ నిబంధనగా క్లాసులోనే ప్రకటించాలి. అప్పుడు ఎస్‌క్యూఎల్‌లోకి వస్తుంది. వచ్చినా పని అయిపోయినట్లు కాదు: 2019లో విడుదలైన 8.0.16కు ముందున్న మైఎస్‌క్యూఎల్ వెర్షన్లు చెక్ నిబంధనను చదివి, మారుమాట లేకుండా వదిలేసేవి. క్లాసు సరైనదే, స్టేట్‌మెంట్ సరైనదే, టేబుల్‌లో మాత్రం నియమం లేదు!

డిఫాల్టు సంగతీ ఇంతే. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో డిఫాల్ట్ అని రాస్తే ఆ విలువ కోడ్‌లోనే ఉంటుంది. సర్వర్ డిఫాల్ట్ అని రాస్తేనే టేబుల్ నిర్వచనంలోకి చేరుతుంది. జాంగోలో డేటాబేస్ స్థాయి డిఫాల్టును ప్రకటించే వీలు 2023లో వచ్చిన 5.0 వెర్షన్‌తోనే మొదలైంది. ఇక్కడైతే ఆ డిఫాల్టే సందేహాస్పదం. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడక ముందు మోతె నల్గొండ జిల్లాలో ఉండేది. 2010 నాటి పహాణీ ఎక్కిస్తే జిల్లా పేరు తప్పుగా పడుతుంది.

సర్వే నంబరు 245/అ అయినప్పుడు పూర్ణాంకం పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. గమనించవలసిందేమంటే, అభ్యాసానికి వాడే ఎస్‌క్యూలైట్ సాధారణంగా పూర్ణాంక కాలమ్‌లో ఆ అక్షరాలను కూడా స్వీకరిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఇంట్లో నడిచింది ఆఫీసులో ఆగిపోతుంది.

మార్పుల దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. 2020లో వచ్చిన ధరణిలో అది లేకపోవడం కౌలు రైతుల విషయంలో పెద్ద చర్చకు దారితీసింది. అది ప్రభుత్వ నిర్ణయం, ఏ సాధనం చేసిన పనీ కాదు. కాని ఒక కాలమ్ ఉండటం, లేకపోవడం ఎంత బరువైన విషయమో దాని వల్ల తెలుస్తుంది. మన క్లాసులో అనుభవదారును తరువాత చేర్చి, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో క్రియేట్ ఆల్‌ను మళ్లీ నడిపితే ఏమీ జరగదు. ఉన్న టేబుల్‌ను అది ముట్టుకోదు. అందుకు అలెంబిక్ వంటి మైగ్రేషన్ సాధనం కావాలి. ఆ అలెంబిక్ కూడా పేరు మార్పును గుర్తించలేదు. ‘పేరు’ను ‘పట్టాదారు పేరు’గా మారిస్తే, పాత కాలమ్‌ను తొలగించి కొత్తది చేర్చాలని రాసిస్తుంది. దానిని చదవకుండా నడిపితే ఊళ్లోని పట్టాదారుల పేర్లన్నీ ఆ టేబుల్ నుంచి పోతాయి. జాంగో కొంత నయం, పేరు మార్చారా అని అడుగుతుంది.

కాబట్టి సాధనాన్ని వాడండి, అది రాసిన ఎస్‌క్యూఎల్‌ను చదవండి. జాంగోలో ఎస్‌క్యూఎల్ మైగ్రేట్ కమాండ్ దానిని తెరపై చూపుతుంది. మీ ప్రాక్టికల్ రికార్డులో క్లాసు పక్కనే ఆ స్టేట్‌మెంట్‌ను కూడా రాయండి. తరువాత మీ ప్రోగ్రాంను పక్కన పెట్టి, డేటాబేస్‌లో నేరుగా 2 ఎకరాల 45 గుంటల వరుసను చేర్చడానికి ప్రయత్నించి, వచ్చిన సమాధానాన్ని దాని కింద నమోదు చేయండి.