ముర్రుపాల లెక్క

గాలికుంటు వచ్చిన కొట్టం చూడకముందే చెవిన పడుతుంది. నోరంతా బొబ్బలు లేచిన ఆవు చొంగ కారుస్తూ చప్పరిస్తుంటుంది. గిట్టల సందున పుండ్లతో నిలవలేక కాలు మార్చి కాలు మోపుతుంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ పట్టుబట్టింది. "పక్కూళ్ళో కుంటు పడిందంట బాబూ, మా దూడక్కూడా ఓ సూది వేసెయ్యండి." దూడకింకా రెండు నెలలే. తల్లికి ఈనక ముందే టీకా పడింది. కాదనలేక వేశాను. రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని మళ్ళీ ఆ గడప తొక్కలేదు. రెండు నెలలకు కుంటు ఆ ఊరికీ వచ్చింది. దూడ నోట్లో ఒక్క బొబ్బ లేదు. పొద్దున పాలు తాగుతూ తాగుతూనే పడిపోయింది. లేత దూడల్లో ఈ వైరస్ గుండె కండరాన్నే పట్టేస్తుంది.

"సూది వేశారుగా బాబూ," అంది ఆవిడ. అంతే అంది.

వేశాను, వేళ చూసుకోలేదు. కడుపులో ఉన్నంతకాలం దూడకు తల్లి యాంటీబాడీలు అందవు. ఈనిన తొలి గంటల్లో తాగే ముర్రుపాలతోనే అందుతాయి. మనం జున్ను వండి వీధంతా పంచే పాలే అవి. తల్లి పెట్టిన ఆ కాపలా కొన్ని నెలలుంటుంది. అది ఉండగా టీకా వేస్తే, అందులోని చచ్చిన వైరస్‌ను ఆ కాపలాయే అడ్డుకుంటుంది. దూడ ఒళ్ళు సొంతంగా నేర్చుకునేది తక్కువ. అందుకే నాలుగో నెలలో మొదటి సూది, నెల తిరిగాక బూస్టర్, ఆపైన ఆరు నెలలకోసారి.

ఒకప్పుడు పశువులకొచ్చే ముసర రోగం సంగతి వేరు. దానికి ఒక్క టీకాతో పశువుకు బతుకంతా రక్ష ఉండేది. 2011 నాటికి అది భూమ్మీదే లేకుండా పోయింది. గాలికుంటులో ఏడు రకాలు. ఒకదానికి పుట్టిన రక్ష ఇంకోదానికి పనికిరాదు. మన టీకాలో ఓ, ఏ, ఏషియా-1 మూడూ కలిపినా ఆ బలం నెలల్లోనే తగ్గిపోతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం మమ్మల్ని ఆరు నెలలకోసారి ఇంటింటికీ తిప్పుతున్నది అందుకే.

టీకాల ఐసు పెట్టెతో వెళ్తే, సూది వేస్తే పాలు తగ్గుతాయని రైతులు గునుస్తారు. ఒకటి రెండు రోజులు తగ్గొచ్చు, ఆ మాట దాచను. సూది గుచ్చడం ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు. నా డైరీలో మాత్రం ప్రతి దూడకూ పుట్టిన తేదీ, పక్కనే నేను మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ ఉంటాయి. ఆ రోజు పశువుల్ని మేతకు తోలకముందే ఆ గడపలో ఉంటాను.