బరువు మీదే బిగింపు

పుణె నుంచి మచిలీపట్నం దాకా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపూ కారు బుద్ధిగానే నడుస్తుంది. పటాన్‌చెరు దాటాక పాశమైలారం వైపు తిరిగితే దాని బండారం బయటపడుతుంది. పగలూ రాత్రీ లోడు ట్రాలీలు తిరిగే దారులవి. స్పీడ్ బ్రేకర్ దాటాక కారు ఒకసారి ఊగి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగుతోందంటే వెనక షాక్‌లు పోయినట్టే. ఆ సంగతి డ్రైవరు కన్నా ముందు వెనక సీట్లో వాళ్లకే తెలుస్తుంది.

కుదుపు ఎక్కువైతే చాలామంది స్ప్రింగుల మీద అనుమానపడతారు. బరువు మోసేది స్ప్రింగే, కానీ దానికి ఆగడం తెలియదు. దాన్ని ఆపేది షాకబ్జార్బర్. గొట్టంలో నూనె ఉంటుంది. కారు ఎగిరిపడినప్పుడల్లా పిస్టన్ ఆ నూనెను సన్నటి కంతల గుండా తోస్తుంది. ఆ ఒరిపిడిలో ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. సీలు అరిగి నూనె బయటికి వచ్చేస్తే ఇక మిగిలేది ఖాళీ గొట్టమే. అప్పుడు టైరు రోడ్డును గట్టిగా పట్టుకోదు, రబ్బరు గుంటలు గుంటలుగా అరుగుతుంది, గతుకుల మీద బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. సుఖం పోతే సర్దుకోవచ్చు, బ్రేకు దగ్గర సర్దుబాటు కుదరదు.

వెనక షాక్‌లు మార్చే పనిని ఇంటి ముందు చేసుకునే అలవాటుకు ఈ ప్రాంతంలో బలమైన పునాది ఉంది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. ఆ తర్వాత ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్లు, జహీరాబాద్‌లో మహీంద్రా వచ్చాయి. వీటి చుట్టూ పెరిగిన కాలనీల్లో ఐటీఐ ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు తరాలుగా ఉన్నారు. వీక్లీ ఆఫ్ రోజు అమీన్‌పూర్‌లోనో బీరంగూడలోనో ఇంటి ముందు కారును జాకీ మీద లేపి పనిచేసుకునే మనిషికి పానా పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ నట్టు ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు బిగించాలో తెలియడమే అసలు విద్య.

ఆల్టో, వ్యాగన్ ఆర్ లాంటి బండ్లలో వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు. అందుకే ఇది ఇంట్లో అయ్యే పని. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. తెల్లారి సమతలమైన నేల చూసి, గేరు వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టి, వెనక చక్రాల నట్లను నేల మీద ఉండగానే వదులు చేయాలి. బండిని లేపాక బరువు బాడీ కింద పెట్టిన స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇటుక చెప్పి పగలదు.

తొందరపడేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. యాక్సిల్ కిందికి జారకుండా పట్టి ఉంచేది కూడా షాకే. దాన్ని ఊడదీస్తే యాక్సిల్ వేలాడుతుంది, బ్రేకు పైపు లాక్కుపోతుంది, స్ప్రింగు చోటు తప్పుతుంది. అందుకని బోల్టు ముట్టుకోకముందే యాక్సిల్ కింద రెండో జాకీ ఆనించాలి. ఒక పక్క పని పూర్తయ్యాకే రెండో పక్కకు పోవాలి.

చాలా కార్లలో పైన కడ్డీకి నట్టు, కింద అడ్డంగా బోల్టు ఉంటాయి. మొండిది పైదే. పానా తిప్పితే నట్టుతో పాటు కడ్డీ కూడా తిరుగుతుంది. కడ్డీ కొసన చదును చేసిన చిన్న చోటు ఉంటుంది. దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టి, రెండో పానాతో నట్టు తిప్పాలి. పాతదాన్నైతే ప్లయర్‌తో ఎక్కడ పట్టినా నష్టం లేదు. కొత్తదాని మెరిసే కడ్డీ మీద మాత్రం ప్లయర్ పన్ను పడకూడదు. ఆ గీత సీలును కోస్తుంది, నెలల్లో నూనె కారుతుంది.

కొత్త షాక్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు నిదానంగా నొక్కి లాగితే, పడుకోబెట్టి ఉంచినప్పుడు నూనెలో చేరిన గాలి పోతుంది. పైన రబ్బరు వాషర్లు తీసిన వరుసలోనే పడాలి.

ఇక బిగింపు. కింది బోల్టు దూరే బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టాన్ని అంటుకుని ఉంటుంది. యాక్సిల్ వేలాడుతుండగా ఆ బోల్టును గట్టిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది, త్వరలోనే చిరుగుతుంది. కాబట్టి బోల్టును ముందు చేత్తో పట్టేంతవరకే తిప్పాలి. తర్వాత రెండో జాకీతో యాక్సిల్‌ను బాడీ స్టాండు మీంచి లేవబోయేదాకా పైకెత్తి, బరువు స్ప్రింగు మీద పడ్డాక మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి. పని తెలిసినవాడినీ హడావుడి చేసేవాడినీ ఈ ఒక్క చోట పోల్చుకోవచ్చు. షెడ్డులో పని చేయించినా ఇది అడిగి చూడండి.

పాత షాక్‌ను కోసి, నూనె పోసి, వెల్డింగ్ చేసి ఇచ్చే రిపేర్లు కారుకు వద్దని నా అభిప్రాయం. గాబ్రియల్ ఇండియా 1961 నుంచీ మన దేశంలో ఉంది. అలాంటి పేరున్న కంపెనీ కొత్త జతకు పెట్టే డబ్బు వృథా కాదు. కొనేటప్పుడు జతగానే కొనండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి ఒక పక్కకు తూగుతుంది. గ్యాస్ నింపిన పాతవాటిని కోయడం, మంటలో వేయడం ప్రమాదం.

ముందు షాక్‌ల జోలికి మాత్రం ఇంట్లో పోకండి. అక్కడ స్ప్రింగు షాక్ చుట్టూ అదిమి పెట్టి ఉంటుంది, పట్టు తప్పితే ప్రాణం తీస్తుంది. కొన్ని కార్లలో వెనక కూడా ఇదే అమరిక. చక్రం విప్పాక స్ప్రింగు, షాక్ ఒకే కట్టగా కనిపిస్తే చక్రం మళ్లీ బిగించేసి, స్ప్రింగు అదిమే పనిముట్టు ఉన్న షెడ్డుకు బండిని తీసుకెళ్లండి.