నర్సింగ్ విద్యలో విమర్శనాత్మక ఆలోచన: రోగి మాట – నర్సు ప్రశ్న

స్థితి అంచనా, నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశలను వల్లించగలగడం విమర్శనాత్మక ఆలోచన కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల గ్రామీణ స్త్రీ ‘గుండెల్లో మంట’ అన్నప్పుడు, దానిని ‘గ్యాస్’గా నమోదు చేయడంతో ఆలోచన ఆగిపోతుంది. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు తీవ్రమైన నొప్పి లేకుండానే రావచ్చు. ‘ఎప్పటి నుంచి? చెమట పట్టిందా? ఆయాసముందా? షుగరుందా?’ అని అడిగి, వెంటనే వైద్యునికి తెలిపి, ఇ.సి.జి.కి సిద్ధం చేసే నర్సు ఒక ప్రాణాన్ని నిలపగలదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో ప్రకటించిన బి.ఎస్సీ. పాఠ్యప్రణాళిక ఈ నైపుణ్యాన్ని ఆశించింది. పరీక్ష జ్ఞాపకాన్నే తూచినంతకాలం ఆ ఆశయం కాగితం దాటదు. రోగి చెప్పిన తెలుగు మాటను ఆంగ్ల పదంగా మార్చే ముందు ప్రశ్నగా మార్చే అభ్యాసాన్ని వార్డులోనే నేర్పాలి, అక్కడే పరీక్షించాలి.