పచ్చలైటు వెలిగాకే పాస్‌వర్డు

ల్యాప్‌టాప్‌ను బోర్లించి చూస్తే అడుగు మూతను పట్టి ఉంచే చిన్న చిన్న స్క్రూలు కనిపిస్తాయి. నేను చెప్పబోయే ల్యాప్‌టాప్‌లో నడిమి స్క్రూల తలల మీద నెయిల్ పాలిష్ పూసి ఉంటుంది. మామూలు రంగు కాదు, పెళ్లిళ్లకు ఆడపిల్లలు వేసుకునే గ్లిట్టర్ రంగు. ప్యూరిజం అనే చిన్న అమెరికన్ కంపెనీ అడిగినవాళ్లకు ఇలా పూసి పంపిస్తుంది. రంగు ఆరాక స్క్రూలకు దగ్గరగా ఫొటోలు తీసి, ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్లో విడిగా పంపుతారు. పార్సిల్ అందాక ఫొటోనూ స్క్రూనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం కొన్నవాళ్ల పని. దారిలో ఎవరైనా మూత విప్పి ఉంటే తళుకులు చెదురుతాయి. మళ్లీ అదే తీరున పరవడం మొదట పూసినవాళ్ల తరం కూడా కాదు.

మన దగ్గర ఈ పని చేసేది లక్క. హుండీ తాళానికి గుడ్డ చుట్టి లక్క పోసి ముద్ర వేస్తారు, పోలింగ్ అయ్యాక స్ట్రాంగ్‌రూమ్ తలుపుకూ అంతే. లక్క దొంగను ఆపలేదు, వచ్చి వెళ్లాడని మాత్రం చెబుతుంది. అయితే ముద్ర అచ్చు దొంగ చేతికి చిక్కితే మళ్లీ కొట్టేయగలడు. తళుకులకు అచ్చన్నదే లేదు. ఈ ఉపాయం ప్యూరిజం సొంతం కాదు. 2013 చివర్లో హాంబర్గ్‌లో ఏటా జరిగే హ్యాకర్ల సమ్మేళనంలో ఇద్దరు భద్రతా నిపుణులు చెప్పింది. ఆ తర్వాతి ఏడాదే, సిస్కో రౌటర్ల పెట్టెలను అమెరికా నిఘా సంస్థవాళ్లు దారిలో విప్పుతున్న ఫొటో, ఆ సంస్థ రహస్యాలను బయటపెట్టిన స్నోడెన్ పత్రాల్లోంచి బయటపడింది. అప్పటిదాకా దీన్ని చాదస్తం అనుకున్నవాళ్లు ఇక నవ్వలేకపోయారు.

టాడ్ వీవర్ 2014లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. దీని ల్యాప్‌టాప్‌ల పేరు లిబ్రెమ్. వాటిలో వచ్చే ప్యూర్‌ఓఎస్ డెబియన్ మీద కట్టిన లినక్స్. 2017లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదం కూడా పొందింది. లినక్స్ వేసి అమ్మేది వీళ్లొక్కరే కాదు. డెన్వర్‌లో సిస్టమ్76 అనే కంపెనీ 2005 నుంచీ ఆ పనిలోనే ఉంది, డెల్ కూడా 2012లో ఎక్స్‌పీఎస్‌లో ఒక రకాన్ని అలా ఇవ్వడం మొదలుపెట్టింది. లినక్స్ అమ్మేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: కోడ్ బయట పెట్టాం, ఎవరైనా చూసుకోవచ్చు, కనుక ఇదే భద్రం.

ఆ ‘కనుక’ దగ్గరే నాకు పేచీ. చూడవచ్చు అన్నది వేరు, చూశారు అన్నది వేరు. హార్ట్‌బ్లీడ్ అనే లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో అందరి కళ్లెదుటే రెండేళ్లు పడి ఉండి, 2014లో గానీ బయటపడలేదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని పట్టుపట్టి తవ్వడంవల్ల అది దొరికింది. కోడ్ తెరిచి ఉండబట్టే తవ్వగలిగాడన్నది నిజమే. ఆ అరసెకనును ఆయన పట్టించుకోకపోయి ఉంటే? కాబట్టి ప్రకటనను పక్కన పెట్టి పనితనం చూద్దాం. నన్ను కట్టిపడేసింది కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి కొద్ది క్షణాలు.

డిస్కుకు తాళం వేసుకున్నాం, పాస్‌వర్డు లేనిదే తెరుచుకోదు. బాగానే ఉంది. కానీ ఆ పాస్‌వర్డు అడుగుతున్నదెవరు? మనం హోటల్ గదిలో యంత్రం వదిలి భోజనానికి వెళ్లినప్పుడు ఎవరో వచ్చి, అడుగునున్న సాఫ్ట్‌వేర్‌ను మార్చి వెళ్లారనుకోండి. తెర అదే, అడిగే తీరూ అదే. మనం కొట్టిన పాస్‌వర్డు మాత్రం వాళ్ల సంచిలో పడుతుంది. యోవానా రుట్‌కోవ్‌స్కా 2009లో దీనికి ‘ఈవిల్ మెయిడ్’ దాడి అని పేరు పెట్టింది. గదులు ఊడ్చుకు బతికే మనిషి మీద ఈ నింద ఎందుకో గానీ, పేరు నిలిచిపోయింది.

దీనికి విరుగుడుగా ట్రామెల్ హడ్సన్ ‘హెడ్స్’ అనే ఫర్మ్‌వేర్ తయారుచేసి 2016లో చూపించాడు. ప్యూరిజం దాన్ని కోర్‌బూట్ అనే మరో ఫర్మ్‌వేర్‌తో కలిపి ప్యూర్‌బూట్ అని తన యంత్రాల్లోకి తెచ్చుకుంది. పవర్ బటన్ నొక్కగానే చిప్‌లోని మొదటి ముక్క లేచి, తన తర్వాతి ముక్కను నడపబోయే ముందు దాన్ని కొలిచి, ఆ కొలతను బోర్డు మీద విడిగా ఉండే టీపీఎం చిప్‌కు చెబుతుంది. ఆ ముక్క తన తర్వాతిదాన్ని కొలుస్తుంది. టీపీఎం ఈ కొలతలను విడివిడిగా దాచుకోదు, వచ్చినదాన్ని వచ్చినట్టు పాతదాంట్లో కలిపేస్తుంది. పాలలో తోడు వేశాక తోడును వెనక్కి తీయలేం చూడండి, ఇదీ అంతే. చివరికి తేలిన మొత్తం మొదటిరోజు మొత్తంతో సరిపోతేనే టీపీఎం తన దగ్గరున్న రహస్యాన్ని వదులుతుంది.

అదే రహస్యం యజమాని జేబులోని లిబ్రెమ్ కీలోనూ ఉంటుంది. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉండే తాళంచెవి అది. యంత్రం ఆ రహస్యంతో ఒక అంకె కట్టి పంపుతుంది. కీ తన లెక్క తాను వేసుకుని, రెండూ కలిస్తే పచ్చలైటు మిణుకుమనిపిస్తుంది, కలవకపోతే ఎర్రలైటు. అంకె ప్రతిసారీ మారుతుంది కాబట్టి నిన్నటిది దొంగిలించినా ఇవాళ పనికిరాదు.

మనం పాస్‌వర్డు కొట్టవలసింది ఈ పచ్చలైటు చూశాకే. ఆ వరసలోనే ఉంది పనితనమంతా. మామూలు కంప్యూటర్ ముందు మనల్ని నువ్వెవరని నిలదీస్తుంది. ఇక్కడ యంత్రమే ముందు తన గుర్తింపు చూపించుకుంటుంది. తలుపు తట్టినవాడు పలికాకే గడియ తీసే ఇంటి పద్ధతి ఇది.

ఓపెన్ సోర్స్ అసలు విలువ నాకు ఇక్కడ కనిపించింది. బజారులో దొరికే చాలా కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అనే కాపలా ఉంది, కానీ దాని తాళాలు మైక్రోసాఫ్ట్‌వి, తయారీదారువి. హెడ్స్‌లో బూట్ ఫైళ్ల మీద సంతకం యజమాని సొంత కీతో పడుతుంది. ఫర్మ్‌వేర్‌ను తానే కోడ్ నుంచి కట్టుకుని చిప్‌లోకి ఎక్కించుకోవచ్చు. వేల కళ్లు చూస్తాయో లేదో గానీ, తాళంచెవి ఇంటావిడ కొంగున ఉంది.

లోపాలు లేవా? ఉన్నాయి. మొదటి ముక్కను కొలిచేవాళ్లెవరూ లేరు, తక్కెడ తన బరువు తానే తూచి చెప్పినట్టుంది. అందుకే ఆ చిప్‌ను ఎవరూ తిరగరాయకుండా కాపాడుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్‌ల వెంట వచ్చే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే మూసిన సాఫ్ట్‌వేర్‌ను చాలావరకు కోసి, మిగిలినదాన్ని ఆపేశారు, బొత్తిగా తీసేయలేకపోయారు. కోర్‌బూట్‌లో కూడా ఇంటెల్ ఇచ్చే మూసిన ముక్క ఇంకా ఉంది. కంపెనీ నడతలోనూ వంకలున్నాయి, లిబ్రెమ్ 5 ఫోన్ కోసం ముందే డబ్బు కట్టినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

ఇక రోజువారీ వాడకంలో విసుగు కూడా తక్కువేం కాదు. ఏదో అప్‌డేట్ వచ్చి కెర్నల్ మారుతుంది. మర్నాడు పొద్దున బటన్ నొక్కగానే బూట్ ఫైళ్లు మారాయని హెచ్చరిక. మార్చింది మీరో, రాత్రి గదిలోకి వచ్చిన మరొకరో యంత్రానికి తెలియదు, మారిన ఫైళ్ల పేర్లు వరసగా చూపించి ఊరుకుంటుంది. కాఫీ కప్పు పక్కన పెట్టి, నిన్న సాయంత్రం అప్‌డేట్ చేశానా లేదా అని మీరే గుర్తు తెచ్చుకోవాలి. చేశానని నమ్మకం కుదిరాకే కీ గుచ్చి, పిన్ కొట్టి, మళ్లీ సంతకం పెట్టాలి.