ర్యామ్ ఎవరిది?

లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న మా అక్క కొడుకు కొత్త పీసీ కట్టుకుంటున్నాడు. ప్రాసెసర్ తేల్చుకున్నాడు, గ్రాఫిక్స్ కార్డు తేల్చుకున్నాడు, ర్యామ్ దగ్గర ఆగిపోయి నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, రెండూ 32 జీబీయే, రెండూ ఒకటే స్పీడు. ఒకటి పేరున్న కంపెనీది, ఇంకోదాని పేరే నేను వినలేదు. పేరు కోసం ఎక్కువ పెట్టమంటావా?"

మంచి ప్రశ్న. స్నేహితుల పిల్లలకు పీసీలు కట్టిపెట్టడం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. ప్రతి ఇంట్లోనూ ఇది అడుగుతారు. అందుకే వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

కోర్సెయిర్, కింగ్‌స్టన్, జీస్కిల్ అని మనం పెట్టెల మీద చదివే పేర్లున్నాయే, వాటిలో ఏదీ మెమరీ చిప్ తయారుచేసే కంపెనీ కాదు. ప్రపంచంలోని డీర్యామ్ అనే ఈ మెమరీ చిప్‌లలో 90 శాతం పైగా వచ్చేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ఫ్యాక్టరీల నుంచే. మిగతావాళ్లు ఆ చిప్‌లు కొని, స్టిక్ మీద అమర్చి, హీట్‌సింక్ తొడిగి, పరీక్షించి, తమ పేరు వేసుకుంటారు. ఒకే మిల్లులో ఆడించిన సోనామసూరి నాలుగు పేర్ల సంచుల్లో దుకాణానికి చేరినట్టే ఇదీను. పైగా ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఈ నెల ఒకరి చిప్, వచ్చే నెల మరొకరి చిప్ ఉండొచ్చు. కోర్సెయిర్ స్టిక్‌ల స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు ఉంటుంది. దాని మొదటి అంకె 3 అయితే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్. పీసీలు కట్టేవాళ్లు పెట్టె విప్పగానే ముందు చూసేది ఆ అంకెనే.

అలాంటప్పుడు పేరుకి విలువే లేదా అంటే, ఉంది. అది ఎక్కడుందో తెలియాలంటే ఇక్కడ బ్రిటన్‌లోనే జరిగిన ఒక కథ చెప్పాలి. 1982 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లోని సింక్లెయిర్ రిసెర్చ్ కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. 48 కిలోబైట్ల మోడల్ ధర 175 పౌండ్లు. మెమరీ అంత ఖరీదుగా ఉన్న రోజుల్లో ఆ ధరకి ఎలా ఇవ్వగలిగారు? పరీక్షలో తప్పిన చిప్‌లు కొన్నారు. ఒక్కొక్కటి 64 కిలోబిట్ల చిప్. అందులో ఒక సగం పాడైపోయింది, రెండో సగం నిక్షేపంగా ఉంది. బాగున్న సగాన్నే వాడుకునేలా బోర్డు మీద చిన్న తీగతో లింకు వేశారు: పై సగం బాగుంటే ఒకలా, కింది సగం బాగుంటే ఇంకోలా. అలాంటి ఎనిమిది చిప్‌లతో 32 కిలోబైట్లు, మామూలు చిప్‌లతో మిగతా 16. డండీలోని టైమెక్స్ ఫ్యాక్టరీలో తయారైన ఆ మిషన్ల మీద ఒక తరం బ్రిటిష్ పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. లోపల ఉన్నవి సగం చచ్చిన చిప్‌లని వాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. ఏ సగం పనికొస్తుందో ముందే తేల్చి, దానికి తగ్గట్టు బోర్డు మలిచి, పెట్టె మీద 48 అని రాశారు, ఆ 48 నిజంగా పనిచేసింది.

నా దృష్టిలో ర్యామ్ బ్రాండ్ అంటే అదే పని. చిప్‌లన్నీ ఒక్కలా పుట్టవు. ఒకే సిలికాన్ పళ్లెంలోంచి కోసినవైనా కొన్ని ఎక్కువ వేగాన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. వాటిని ఏరి వేరు చేయడాన్ని బిన్నింగ్ అంటారు. మెమరీ ప్రమాణాలు పెట్టే సంస్థ జెడెక్ చెప్పిన ప్రకారం 1.1 వోల్టుల మీద 4800కో 5600కో పనిచేసే మామూలు డీడీఆర్5 స్టిక్ కావాలనుకోండి, ఆ వేగం చిప్ తయారీదారే హామీ ఇచ్చేది. అక్కడ పేరు కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. అదే పెట్టె మీద 6000, 6400 అని ఉండి, వోల్టేజీ 1.35కో 1.4కో పెంచారంటే, అది ప్రమాణం దాటిన సంగతి. ఆ అంకెకు పూచీ స్టిక్ అమ్మిన కంపెనీదే. ఎంత ఏరారు, ఎన్ని బోర్డుల మీద పరీక్షించారు అన్నది అక్కడే తేలుతుంది. వేగం ఎంత కొంటే పేరు అంత అవసరం. ఆటల కోసం 6000 కావాలన్నాడు కాబట్టి మావాడికి పేరున్నదే కొనమన్నాను.

ఇక ధర సంగతి. దాన్ని నిర్ణయించేది స్టిక్కర్ కాదు, ఆ కొద్దిమంది తయారీదారులే. 1998 నుంచి 2002 దాకా చిప్ తయారీదారులు కుమ్మక్కై ధరలు నడిపిన కేసును 2010లో యూరోపియన్ కమిషన్ తేల్చి, మొత్తం 33.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. ముందుగా వచ్చి విషయం చెప్పిన మైక్రాన్‌కు మాత్రం మినహాయింపు దొరికింది. ఇప్పుడు ధర మండుతున్నది వేరే కారణానికి: చిప్‌లన్నీ ఏఐ డేటా సెంటర్లు ఎత్తుకుపోతున్నాయి. చౌక కంప్యూటర్లకు పెట్టింది పేరైన కేంబ్రిడ్జ్ సంస్థ రాస్‌ప్బెరీ పై కూడా 2025 డిసెంబర్‌లో మెమరీ ఖర్చు భరించలేక ధరలు పెంచింది. అదే నెలలో మైక్రాన్ తన సొంత బ్రాండ్ క్రూషియల్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం పెట్టి మనవాళ్లకు ఉద్యోగాలిచ్చిన కంపెనీయే అది. సొంత చిప్‌తో సొంత స్టిక్ చేసి మామూలు మనుషులకు అమ్మిన బ్రాండ్ పోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఏది కొనాలో తెలియదన్నవాళ్లకు కళ్లు మూసుకుని చెప్పిన పేరది. ఇప్పటికే కొన్నవాళ్లకు వారంటీ కొనసాగుతుందన్నారు, అంతవరకు నయం.

లైఫ్‌టైమ్ వారంటీ అన్న మాట చూసి మురిసిపోయే ముందు ఇక్కడి బ్రిటన్ చట్టం కూడా తెలుసుకోండి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చేతికందిన 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వద్దనుకోవచ్చు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లోగా తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఈ హక్కులు అమ్మిన దుకాణం మీద ఉంటాయి, తయారుచేసిన కంపెనీ మీద కాదు. ఇంట్లో కూర్చుని పాత స్టిక్ అమ్మే మనిషి దగ్గర కొంటే ఇవేవీ వర్తించవు. ధరలు పెరిగినప్పుడు స్టిక్కర్ మార్చిన నకిలీలూ పెరుగుతాయి. అందుకే తెలియని పేరు, తెలిసిన దుకాణం అయితే నేను ఒప్పుకుంటాను. తెలిసిన పేరు, తెలియని దుకాణం అంటే మాత్రం వద్దంటాను.

ఆ 30 రోజులూ వాడుకోవాలంటే మొదటి రాత్రే పరీక్ష పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. రెండు బొటనవేళ్లతో రెండు చివరలా నొక్కితే క్లిప్ టక్కున మూసుకుంటుంది. ఆ చప్పుడు రాకపోతే స్టిక్ కూర్చోనట్టే. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. అది మెమరీని సరిచూసుకుంటోంది. భయపడి పవర్ తీసేయకండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి చూస్తే 6000 అని కొన్నది 4800 దగ్గర నడుస్తుంటుంది. ఇంటెల్ బోర్డులో ఎక్స్‌ఎంపీ, ఏఎండీ బోర్డులో ఎక్స్‌పో ఆన్ చేస్తేనే కొన్న వేగం వస్తుంది. అది ఆన్ చేసి, పెన్‌డ్రైవ్ మీద మెమ్‌టెస్ట్ అనే పరీక్షా ప్రోగ్రామ్ ఎక్కించి తెల్లవార్లూ నడపండి. ఒక్క ఎర్ర గీత కనిపించినా వాపసు పంపేయండి. "ఒక్కటే కదా" అనుకునేది కాదిది. ఆ ఒక్క బిట్టే ఆరు నెలల తర్వాత ప్రాజెక్టు ఫైలును పాడుచేస్తుంది.

మావాడు ఫోన్ పెట్టేముందు ఇంకోటి అడిగాడు. ఇప్పుడు రెండు స్టిక్‌ల 16 జీబీ కిట్ కొనుక్కుని, ధర తగ్గాక అదే కంపెనీది అలాంటిదే ఇంకో 16 వేసుకోవచ్చా అని. వద్దన్నాను. అప్పటికి అదే పేరు మీద వచ్చేది వేరే చిప్ కావొచ్చు, రెండూ కలిసి పరీక్షించినవి కావు, పైగా నాలుగు స్లాట్లూ నిండితే డీడీఆర్5 వేగం బాగా పడిపోతుంది. కేసు కాస్త మామూలుది తీసుకో, ఫ్యాన్‌లకు లైట్లు మానెయ్, 32 జీబీ మాత్రం ఒకే పెట్టెలో వచ్చే రెండు స్టిక్‌ల కిట్‌గా ఇప్పుడే కొను అని చెప్పాను.