సూపర్‌మాన్ కథలో వధౌచిత్యము

సీగెల్, షూస్టరులు సృజింపఁగా 1938లో వెలువడిన సూపర్‌మానునకుఁ బ్రాణహింస చేయకుండుట వ్రతమని యభిమానులు చిరకాలముగా విశ్వసించుచున్నారు. 2013లో వెలువడిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చలనచిత్రమున దర్శకుఁడు జాక్ స్నైడరు ఆ నాయకునిచేతనే శత్రువగు జాడ్ మెడ విఱిపించెను. ఒక కుటుంబమును రక్షించుటకు వేఱు గతి లేదని చిత్రసమాధానము. ‘ఇతఁడు మా సూపర్‌మాను కాఁడు’ అని పలువు రాక్రోశించిరి. ఆ నాయకుని కథలు వ్రాసిన మార్క్ వెయిడును ఆ వధను గర్హించెను.

పూర్వకథావిరుద్ధమను వాదము నిలువదు. 1988లో జాన్ బైరన్ రచించిన చిత్రకథలోనే యీ నాయకుఁడు వేఱొక ప్రపంచపు జాడ్‌ను, మఱి యిద్దఱిని జంపెను. కథను రసోచితముగా మార్చుట ఆనందవర్ధనుని కంగీకృతమే. కానిచో భారతమున లేని దుర్వాసశాపమును గల్పించిన కాళిదాసును దోషియే. (ఆ మార్పు నాయకుని గాపాడినదనుట వేఱు మాట.)

ఉత్సర్గమున కపవాదముండవచ్చును, ఆ యపవాదమునకు నియతమైన విషయముండవలెను. బైరన్ కథలో వధానంతరము పశ్చాత్తాపము పిమ్మటి సంచికలలోనికిఁ బ్రాఁకి, నాయకుఁడు భూమినే విడిచిపోయెను. స్నైడరు చిత్రమున నొక్క యార్తనాదము, ప్రియురాలి యోదార్పు. మఱు ఘట్టమున సైన్యాధికారితోఁ బరిహాసము! శోకము మొలకెత్తినచోటనే హాసము దానిఁ ద్రొక్కివైచినది. తమ కోపమునకు వధయే హేతువని యభిమానులు తలఁచిరి. నాకుఁ దోఁచినంతవఱకు, ఆ శవముచెంత నాయకుని మఱికొంతసేపు నిలువనీయకపోవుటయే వారిని నొప్పించినది.