హల్పతుల పెళ్లి తూర్

గుజరాత్‌లోని బార్డోలీ అంటే మనకు 1928 సత్యాగ్రహం, సర్దార్ పటేల్. సూరత్‌లో స్థిరపడ్డ మన పద్మశాలీల ఇళ్లకు వెళ్లినవాళ్లు తీరిక ఉంటే బార్డోలీలోని స్వరాజ్ ఆశ్రమం చూసి వస్తారు. నా ధ్యాసంతా మాత్రం అక్కడి చెరకు తోటల పక్క వాడల్లో మోగే పెళ్లి వాయిద్యం మీద. హల్పతి ఆదివాసులకు తూర్ అనే డోలు, దానికి జోడీగా ఒక పళ్లెం ఉంటే చాలు, పెళ్లి కళ వచ్చేస్తుంది. తూర్ గుమ్మంటే పళ్లెం ఖంగుమని అందుకుంటుంది.

మన దప్పు సంగతి చూడండి. గడ్డిమంట దగ్గర కాచి, చర్మం బిగిశాక కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పడతారు. తుర్కియే పల్లె పెళ్లిళ్లలో దావుల్ అనే పెద్ద డోలుకూ అంతే, ఒకవైపు లావు కర్ర, మరోవైపు సన్న పుల్ల. పక్కన మన సన్నాయికి చుట్టమైన జుర్నా. లావు కర్ర అడుగు వేయిస్తుంది, సన్న పుల్ల ఆ అడుగుకు హుషారు పుట్టిస్తుంది.

బార్డోలీ తూర్ వెనక మాత్రం ఒక బరువుంది. పూర్వం అక్కడ హాలీ పద్ధతి ఉండేది. కూలివాడు తన పెళ్లి ఖర్చుకు భూస్వామి దగ్గర అప్పు చేసేవాడు, ఆనాటి నుంచి అతని నాగలికి కట్టుబడిపోయేవాడు. పెళ్లాం కూడా ఆ ఇంటి పనికే. ఇచ్చే గింజలు పొట్టకే చాలవు, ఇక అప్పు తీరేదెక్కడ? మన వెట్టి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పరిశోధకుడు యాన్ బ్రెమన్ 1974లో వచ్చిన తన పుస్తకంలో ఈ కట్టుబానిసత్వాన్ని వివరంగా రాశాడు. అది చదివాక, పేదవాళ్లకు పెళ్లిలో ఈ ఆర్భాటాలెందుకని నీతులు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏడాది పొడవునా ఎవరి పొలంలోనో వంగిన నడుము తన ఇంటి ముందు తన తాళానికి ఆడేది ఆ ఒక్క పూటే. ఆ పూటనూ వదులుకోమనడం ఏం న్యాయం?

ఇప్పుడు గుజరాత్ ఆదివాసీ పెళ్లిళ్లలో టిమ్లీ పాటలు డీజే పెట్టెల్లో హోరెత్తుతున్నాయి. కుర్రాళ్ల ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. కానీ డీజే పెట్టె ఆడేవాళ్ల కాళ్లను చూడదు. డోలు వాయించేవాడి చూపు కాళ్ల మీదే ఉంటుంది. వరుసలో ముసలమ్మ చేరితే దెబ్బ నెమ్మదిస్తుంది, పెళ్లికొడుకు స్నేహితులు దూకితే ఊపందుకుంటుంది. ఈ విద్యకు ఏళ్ల సాధన కావాలి. బార్డోలీలో తూర్ వాయించేవాళ్లకైనా, మన దగ్గర దప్పు కొట్టేవాళ్లకైనా డీజేకి తక్కువ కాకుండా డబ్బు ముందే మాట్లాడి ఇవ్వాలి, పెళ్లివారి బంతిలోనే కూర్చోబెట్టి వడ్డించాలి.